బొమ్మతో పాటు దాని వాడకాన్నీ చూపించాలి

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వ్యాపార అవసరాల కోసం ఫొటోలు తీసేవాళ్లకు, బొమ్మలు గీసేవాళ్లకు పనికి కొదవ లేదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట చీరలకు కేటలాగులు కావాలి. మిర్యాలగూడ రైస్‌మిల్లులకు బస్తాల డిజైన్లు కావాలి. విత్తన ప్యాకెట్లు, కొల్లాపూర్ మామిడి పెట్టెలు, బడుల బ్రోషర్లు, పెళ్లి ఆల్బమ్‌లు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. చేసిన పని మాత్రం ఎక్కడా నిలవదు. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో ఒక రోజు ఉండి మాయమైపోతుంది. బస్తా మీది నెమలిని ఎవరు గీశారో ఆ మిల్లు గుమస్తాకే తెలియదు. కొత్త వ్యాపారి ఎవరైనా ఫోన్ చేసి 'మీరు చేసినవి కొన్ని పంపండి' అంటే గ్యాలరీలోంచి నలభై ఫొటోలు ఒక్కసారే వెళ్లిపోతాయి. పెళ్లికూతురు, సోమశిల సూర్యాస్తమయం, బతుకమ్మ, ఒక చీర, ఒక బిర్యానీ ప్లేటు అన్నీ అందులోనే. అడిగిన మనిషికి కావాల్సిన జవాబు అందులో దొరకదు.

ఫొటో బాగుందా లేదా అన్నది పని ఇచ్చేవాళ్లు చూడగానే తేల్చుకుంటారు. ఆ తర్వాత వాళ్లు వెతికేదంతా భరోసా. తమ సరుకు రంగు మారకుండా వస్తుందా, తమ ప్రింటర్ దగ్గర చెడిపోకుండా అచ్చవుతుందా, చెప్పిన రోజుకు చేతికి అందుతుందా అన్నవే వాళ్ల ప్రశ్నలు. అందుకే పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనులను ఏరి చూపించే సంకలనంలో, పెట్టే ప్రతి పని పక్కనా అది దేనికోసం చేశారు, అందులో చిక్కు ఎక్కడుంది, చివరికి వాడుకలో ఎట్లా కనపడింది అన్నవి ఉండాలి. బొమ్మ ఒక్కటే పెడితే అది అందం గురించి చెప్తుంది తప్ప పని గురించి చెప్పదు.

చీర దగ్గరే అసలు పరీక్ష

పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నేతలో నూలుకు ముందే చిటికి కట్టి (రంగు అంటకూడని చోట గట్టిగా ముడి వేసి) రంగులద్ది, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచులు ఈకల చివర్లలా కొద్దిగా చెదిరి ఉంటాయి. చెయ్యి తిరిగిన కొనుగోలుదారు మొదట చూసేది ఆ చెదురునే. ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్, క్లారిటీ బాగా పెంచేస్తే అంచులు కత్తిరించినట్టు గట్టిపడి, అసలు ఇకత్ కాస్తా ప్రింట్ చీరలా కనపడుతుంది. నేతగాడి శ్రమంతా ఒక్క స్లైడర్‌తో పోయినట్టే. షార్ప్‌నెస్ పోగుల నేత కనపడేంత వరకు చాలు.

ఇకత్‌కు పోర్ట్‌ఫోలియోలో తప్పక ఉండాల్సిన ఫ్రేమ్ ఇంకొకటి ఉంది. చీర ఒక మూల మడిచి, ముందువైపు, వెనకవైపు ఒకే ఫ్రేములో పడేలా దగ్గరగా తీయాలి. పోగుకే రంగు పట్టింది కనక ఇకత్‌లో రెండు వైపులా రంగు దాదాపు సమానంగా ఉంటుంది. ఒకవైపు అద్దిన ప్రింటులో వెనక పాలిపోతుంది. ఈ ఫ్రేము పెట్టిన ఫొటోగ్రాఫర్‌కు నేత తెలుసని నేతవ్యాపారికి వేరే చెప్పక్కర్లేదు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలుకు పరీక్ష ఇంకోటి. ఎరుపు, నలుపు, తెలుపు, ఉన్నవే మూడు రంగులు. తెల్ల భాగం పసుపు తిరిగినా, నలుపు నీలంలోకి జారినా వెంటనే బయటపడిపోతుంది.

గద్వాల చీరతో వచ్చే చిక్కు వెలుగుది. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. నూలు వెలుగును పీల్చుకుంటుంది, జరీ తిరగ్గొడుతుంది. జరీని బట్టి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి పోయే వెలుగు మోతాదు) పెడితే ఒళ్లు నల్లబడుతుంది. ఒంటిని బట్టి పెడితే జరీ తెల్లటి మచ్చ అవుతుంది. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న తెల్లటి పలుచని గుడ్డను ఫ్రేముకు బిగించి, దాని వెనక నుంచి 45 డిగ్రీల కోణంలో లైటు వేయాలి. ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడితే నీడలు తేలికపడతాయి. నేత గరుకుదనం కనపడాలంటే ఇంకో సన్నని లైటును గుడ్డకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి చాలా తక్కువగా తగిలించాలి. ఎపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11, ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 100, ట్రైపాడ్, ఫైలు సెన్సర్ సమాచారమంతా ఉండే రా ఫార్మాట్‌లో.

కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లుగా విడదీసి నమోదు చేస్తుంది. కుంకుమ ఎరుపు, మెరూన్ చీరల్లో ఎర్ర చానల్ మిగతా రెండింటికన్నా ముందే నిండిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) సగటు చూపిస్తుంది కాబట్టి అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంటికొచ్చి చూస్తే ఎరుపులో మడతలు, నేత ఏమీ ఉండవు, ఒకే ముద్ద. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ విడిగా పెట్టుకుని, ఎరుపు కుడి గోడను తాకితే ఎక్స్‌పోజర్ మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) దాకా తగ్గించాలి. ఒళ్లూ అంచూ కలిసే కుప్పడం దగ్గర మాత్రం ఒక క్లోజప్ తప్పనిసరి. నూలు పేక, పట్టు పేక ఒకదాన్నొకటి పట్టుకునేది అక్కడే. గద్వాల చీరకు ధర పలికేది కూడా ఆ కలయికకే.

నారాయణపేట చీరల చిన్న గళ్లు ఫొటోలో వేరే తంటా తెస్తాయి. గళ్ల సైజు కెమెరా సెన్సర్ గడులతో తలపడి, లేని అలలు, రంగు చారలు పుడతాయి. మోయిరే అనే ఈ దోషం పెద్ద స్క్రీన్ మీద కనపడకుండా ఉండి, సైటులో వేసే చిన్న ఫొటోలో బయటపడుతుంటుంది. కెమెరాను ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపినా, కొద్దిగా కోణం మార్చినా చాలాసార్లు పోతుంది. తీసిన చోటే వాడబోయే సైజుకు తగ్గించి చూసుకుంటే మళ్లీ షూట్ పెట్టే అవసరం రాదు.

రంగు విషయంలో దుకాణాలే శత్రువులు. వాకిట్లోంచి ఎండ, పైన ట్యూబ్‌లైటు, అరల్లో పసుపు ఎల్‌ఈడీ, మూడూ కలిస్తే ఏ వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెల్లగా చూపే సెట్టింగు) పెట్టినా ఒక మూల పసుపుగా, ఒక మూల నీలంగానే వస్తుంది. అన్నీ ఆర్పి, సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 95కు పైన ఉన్న ఒకే రకం లైటు వాడాలి. మొదటి ఫ్రేములో 24 గడుల రంగు కార్డు, లైటు మార్చిన ప్రతిసారీ గ్రే కార్డు తీయాలి. ఆన్‌లైన్‌లో చీర వెనక్కి రావడానికి రంగు తేడా ఒక పెద్ద కారణం కాబట్టి, పోర్ట్‌ఫోలియోలో ఒక పేజీని దీనికే ఇవ్వడం మేలు. అసలు చీర, పక్కనే అదే చీర కేటలాగ్ పేజీ, ఆ పక్కన ఫోన్ తెర, మూడూ ఒకే వెలుగులో తీసిన ఫొటో. పది మంచి ఫొటోలు చేయలేని పని ఆ ఒక్క పేజీ చేస్తుంది.

బస్తా మీది బొమ్మకూ పేరుండాలి

మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాల్వ కింద పండే వడ్లు, వాటిని ఆడించే మిల్లులు. ప్రతి మిల్లుకూ బ్రాండ్, ప్రతి బ్రాండ్‌కూ ఒక బొమ్మ. ఏనుగు, నెమలి, వరికంకి, కొంగుతో తల్లి. ఇన్ని ఇళ్లలోకి వెళ్లే చిత్రకళ ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు. అయినా ఇలస్ట్రేటర్లు దాన్ని తమ పనిగా చూపించుకోరు. పత్రికకు గీసిన కథాచిత్రం పెడతారు, బస్తాను దాచేస్తారు. ఇది పెద్ద పొరపాటు. బస్తా డిజైన్ చేయడం కథాచిత్రం కన్నా తేలికేమీ కాదు.

కంప్యూటర్ తెర మీద బాగున్న బొమ్మ బస్తా మీద ఎందుకు చెడిపోతుందో తెలిసినవాడికే ఆ పని దక్కుతుంది. నేసిన ప్లాస్టిక్ గుడ్డ మీద నేరుగా ఫ్లెక్సో పద్ధతిలో (మెత్తటి రబ్బరు లాంటి పలకలతో) అచ్చు వేస్తే, కింద పట్టీల ఎత్తుపల్లాల వల్ల సన్నని గీతలు తెగిపోతాయి. రంగుకో పలక కాబట్టి ఒక రంగు ఇంకో రంగు మీద నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు జరగడం మామూలే. మెల్లగా కలిసే షేడ్లు మచ్చలు మచ్చలుగా వస్తాయి. అందుకే ఇక్కడ మూడు నాలుగు గట్టి రంగులు, లావు ముదురు గీత, ఆ గీత కిందికి లోపలి రంగు కాస్త చొచ్చుకుపోయేలా డిజైన్ చేయాలి. రంగు జరిగినా తెల్ల సందు కనపడదు. బీఓపీపీ (మెరిసే ప్లాస్టిక్ ఫిల్ము) బస్తా అయితే కథ వేరు. పలుచని ఫిల్ము వెనకవైపున గ్రావ్యూర్‌లో (చెక్కిన సిలిండర్లతో) తిరగేసి అచ్చువేసి గుడ్డకు అతికిస్తారు, ఫొటో లాంటి నునుపు వస్తుంది. కానీ రంగుకో సిలిండర్ చెక్కాలి. చెక్కాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ రంగు సిలిండర్ మళ్లీ చేయించాల్సిందే. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలామంది 26 కిలోల బస్తాకు మారారు. బరువు అంకెను, బ్రాండ్ బొమ్మను వేర్వేరు లేయర్లలో, వీలైతే వేర్వేరు రంగుల్లో పెట్టుకున్నవాళ్లకు ఆ మార్పు ఒక్క సిలిండర్‌తో పోతుంది.

ఇది చూపించే పద్ధతి ఏమిటంటే, ఒకే పనికి నాలుగు బొమ్మలు వరుసగా పెట్టాలి. పెన్సిల్ రఫ్, రంగులవారీగా విడదీసిన పలకలు, చదునుగా ఉన్న తుది డిజైన్, చివరగా బియ్యం నింపి కుట్టిన బస్తా ఫొటో. నాలుగోది లేకపోతే మొదటి మూడూ వృథా. నింపాక బస్తా పొట్ట ఉబ్బుతుంది, అంచుల దగ్గరి అక్షరాలు పక్కకు తిరిగిపోతాయి, కొట్లో పడుకోబెట్టి పేర్చినప్పుడు పక్కభాగం మాత్రమే కనపడుతుంది. పక్కభాగంలో కూడా పేరు చదివేలా పెట్టిన డిజైనర్‌ను మిల్లు యజమాని వదులుకోడు. యంత్రంతో క్షణాల్లో బొమ్మ పుట్టిస్తున్న ఈ రోజుల్లో, పెన్సిల్ రఫ్ ఆ గీత ఎవరి చేతిదో కూడా చూపిస్తుంది.

తెలుగు అక్షరాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో) కట్టిన ఫైలు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా, అడోబీ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగు) ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి 'స్త్రీ' మూడు ముక్కలవుతుంది. ఫైలు బయటికి పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి, ఎడిట్ చేసుకునే కాపీ విడిగా దాచుకోవాలి. ఒత్తు విరిగిన పోస్టర్ ఒక్కటి పోర్ట్‌ఫోలియోలో ఉన్నా తెలుగు పని ఇచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

చేత్తో గీసిన అసలు బొమ్మను ఫైలుగా మార్చడంలోనూ నష్టం జరుగుతుంది. ఇంకు గీతల బొమ్మలకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) స్కాన్ చాలు, 300కు తగ్గించొద్దు. వాటర్‌కలర్ లేత పూతలను మామూలు స్కానర్లు తెల్లగా తినేస్తాయి. వాటిని కెమెరాతో తీయడమే మంచిది. బొమ్మ గోడకు, ఇరుపక్కలా 45 డిగ్రీల్లో రెండు సమానమైన లైట్లు, 85 నుంచి 100 ఎంఎం లెన్సు, కెమెరా బొమ్మకు ఖచ్చితంగా సమాంతరంగా ఉంటే సరి. నాలుగు మూలల్లో గ్రే కార్డు పెట్టి తీసి చూస్తే వెలుగు సమానంగా ఉందో లేదో తెలిసిపోతుంది.

పెళ్లి: ఒక్కటే, కానీ మొత్తం

పెళ్లి ఫొటోగ్రాఫర్లు నలభై పెళ్లిళ్లలోని నలభై మంచి ఫొటోలు చూపిస్తారు. పెళ్లివారికి అది పనికిరాదు. తమ ఒక్క పెళ్లిలో పసుపు కొట్టడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఎక్కడా చెడకుండా వస్తుందా అన్నదే వాళ్ల ప్రశ్న. ఒకే పెళ్లి, ఇరవై ఫ్రేములు, వరుస తప్పకుండా. అందులోనూ జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఉండాలి, ఎందుకంటే అడ్డుతెర, చుట్టాల చేతులు, వీడియో లైటు అన్నీ ఒకేసారి మీదపడేది అప్పుడే. వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అడ్డ చారలు వస్తాయి. మెకానికల్ షట్టర్, సెకనులో 50వ లేదా 100వ వంతుతో ముహూర్తానికి ముందే నాలుగు టెస్ట్ ఫ్రేములు తీసి చూసుకోవాలి. ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలైతే, 24 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు కాబట్టి అంగుళానికి సుమారు 167 పిక్సెళ్లే పడతాయి. అది సరిపోతుంది గానీ ఇంకా క్రాప్ చేసే వీల్లేదు. మధ్య మడతలో ముఖం పడకూడదు.

పర్యాటక ఫొటోలకు ఇక్కడ చోటు పుష్కలం. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, సోమశిల, నల్లమల. అయితే అందరి పోర్ట్‌ఫోలియోల్లోనూ అవే కోణాలు. బ్రోషర్ చేసేవాళ్లకు కావాల్సింది శీర్షిక వేయడానికి పైన ఖాళీ ఆకాశం వదిలిన నిలువు ఫ్రేము. అది తీసి, దాని మీద అక్షరాలు వేసి చూపిస్తే ఫొటో ఉపయోగం అర్థమవుతుంది. డ్రోన్ షాట్లు పెట్టేవాళ్లు 2021 డ్రోన్ నిబంధనలు చూసుకోవాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనూ 400 అడుగులు దాటకూడదు.

చూసేది ఫోన్‌లో, నమ్మేది చేతిలో

గద్వాల దుకాణదారుడైనా మిల్లు యజమాని అయినా మొదట చూసేది ఫోన్‌లోనే. ఏ4 అడ్డ పేజీల పీడీఎఫ్ ఫోన్‌లో అగ్గిపెట్టె సైజులో కనపడుతుంది. పేజీ నిలువుగా, 1080×1350 పిక్సెళ్లలో, 12 నుంచి 16 పేజీలు, మొత్తం 10 ఎంబీ లోపు ఉంటే చాలు. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే అది కుదించి నేత వివరాలన్నీ పిండేస్తుంది, కాబట్టి డాక్యుమెంటుగానే పంపాలి. ఫొటోలన్నీ ఎస్‌ఆర్‌జీబీలోకి (ఫోన్లు, సైట్లు మామూలుగా వాడే రంగుల పద్ధతిలోకి) మార్చి పెట్టాలి. అడోబీ ఆర్‌జీబీలో వదిలేసిన ఫొటో కొన్ని ఫోన్లలో వెలిసిపోయి కనపడుతుంది. చేనేతకు ఒక పీడీఎఫ్, ప్యాకేజింగ్‌కు ఒకటి, పెళ్లిళ్లకు ఒకటి. ఫైలు పేరులో తమ పేరు, పని రకం, సంవత్సరం ఉండాలి. మళ్లీ వస్తే చేయడానికి ఇష్టపడని పని ఎంత బాగా వచ్చినా అందులో పెట్టకూడదు, చూపించిన పనే తిరిగి వస్తుంది.

ఫొటో నడిమధ్యన పెద్ద వాటర్‌మార్క్ వేస్తే దొంగతనం ఆగదు, కొనేవాళ్లు మాత్రం చీర చూడలేకపోతారు. కింద మూల చిన్న సంతకం, ఫైలు లోపల పేరు, ఫోన్ నంబరు ఉన్న మెటాడేటా చాలు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఆ మెటాడేటాను తీసేస్తాయి కనక సొంత సైటులో అసలు కాపీ ఉండటం అవసరం.

రెండో కలయికకు మాత్రం అచ్చు చేతిలో ఉండాలి. 12×18 అంగుళాల డిజిటల్ షీటు, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం, మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేస్తే దుకాణం లైట్ల కింద సగం పేజీ మెరుపే. సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతిలో) చిలకపచ్చ, నారింజ, ఊదా రంగులు మసకబారతాయి. ఏ రంగు ఎంత పడిపోతుందో ముందే చెప్పి, పక్కన గుడ్డముక్క పెట్టి చూపించేవాళ్లకు బేరం తొందరగా కుదురుతుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం లాంటి సందర్భాల్లో ప్రదర్శన పెడితే ఫొటో పక్కనే అసలు చీర వేలాడదీయాలి, ఫొటో మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. 5 ఎంఎం సన్‌బోర్డు మీద వినైల్ అతికించినవి గది లోపలికే. 45 డిగ్రీలకు చేరే మన ఎండలో బయట పెడితే బుడగలు లేచి వంగిపోతాయి. బయటికి గుడ్డ మీద అచ్చే నిలుస్తుంది.

చూపించే హక్కు ఎవరిది

పోర్ట్‌ఫోలియో కట్టేముందు తెలుసుకోవాల్సినదీ, అతి తక్కువ మంది పట్టించుకునేదీ ఇదే. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేయించుకున్న పెయింటింగ్‌కు, పోర్ట్రెయిట్‌కు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్న వ్యక్తే. పెళ్లి ఫొటో అయినా, కేటలాగ్ ఫొటో అయినా అంతే. తీసినవాడికి సెక్షన్ 57 కింద అది తన పని అని చెప్పుకునే హక్కు మిగులుతుంది గానీ, ఆ ఫొటోను మళ్లీ ప్రచురించే హక్కు దానంతట అది రాదు. స్టూడియో బోర్డు మీద పెళ్లికూతురి ఫొటో పెట్టాక గొడవలు వచ్చేది ఇక్కడే.

హక్కులు రాసిచ్చేటప్పుడు సెక్షన్ 19 చూసుకోవాలి. రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు అని చట్టం అనుకుంటుంది. మిల్లు బ్రాండ్ బొమ్మకు అయిదేళ్లు చాలవు, ఒక సీజన్ విత్తన ప్యాకెట్‌కు ఎక్కువ. అందుకే కొటేషన్‌లోనే గీసినందుకు కూలి, వాడుకున్నందుకు రుసుము విడివిడిగా చూపించడం ఇద్దరికీ మంచిది.

పని చూపించుకోవడానికి కొటేషన్‌లో ఒక్క వాక్యం చాలు: 'ఈ పనిలోని ఫొటోలు, బొమ్మలు మా పోర్ట్‌ఫోలియో, వెబ్‌సైటు, ప్రదర్శనల్లో మా పేరుతో చూపించుకోవడానికి కస్టమర్ అనుమతిస్తున్నారు.' అడ్వాన్సు తీసుకునే రోజే దీని మీద సంతకం తీసుకోవాలి. పని పూర్తయి డబ్బు లెక్కలు నడుస్తున్నప్పుడు అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. పిల్లల ముఖాలున్న ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం విడిగా ఉండాలి. కొత్త బ్రాండ్ బస్తా, కొత్త చీర డిజైన్ అయితే ఏ తేదీ తర్వాత బయటపెట్టవచ్చో ఆ వాక్యం కిందే రాయాలి, సరుకు మార్కెట్లోకి రాకముందే డిజైన్ బయటికి పోతే నష్టపోయేది పని ఇచ్చిన వ్యాపారే.